కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎంచిన బండి

ఖతార్‌లోని ఉమ్ సలాల్‌లో నేను ఇంటి డ్రైవరుగా చేరిన మూడో ఏడు, మా యజమానికి మంచు చూడాలని బుద్ధి పుట్టింది. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన. అందరిలాగే నేనూ ఆయన్ను బాబా అనేవాణ్ణి. నవంబరులో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి ఊరంతా జనంతో నిండిపోతుంది కాబట్టి ఆ నెల సౌదీ ఉత్తరాన కొండల్లో గడుపుదామన్నారు. అందుకు పికప్ వెనక బిగించే చిన్న ఇల్లు, క్యాంపర్ అంటారు, అది కావాలి. గతుకుల్లో విడిపోకూడదు, చలికి తట్టుకోవాలి. ఎంచే పని నాకు అప్పగించారు. అంతకుముందు స్టేడియం సైటులో టిప్పర్ నడిపాను కాబట్టి గతుకుల సంగతి నాకు తెలుసని ఆయన నమ్మకం. చలి సంగతి ఎలా తెలుస్తుందనుకున్నారో నేను అడగలేదు. మాది జగిత్యాల పక్క పల్లె. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసినవాణ్ణి కాదు.

రెండు బళ్ళు తేలాయి. ఒకటి షోరూములో కొత్తది. తోలు సోఫా, పెద్ద టీవీ, రంగులు మారే దీపాలు. బాబా కొడుకులు అప్పుడే దాని ముందు ఫొటోలు దిగారు. రెండోది పని ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరుది, బూడిద రంగు డబ్బా.

రెండింటినీ అడిగి తెచ్చాను. మాకు దగ్గర్లోని అల్ ఘర్రాఫా చుట్టూ అప్పట్లో తవ్వని రోడ్డు లేదు, కొండలదాకా పోవలసిన పని లేకపోయింది. గంట తిరిగేసరికి సోఫా బండిలో అల్మారా తలుపులు ఊడి వేలాడాయి. షోరూము మనిషి తప్పు రోడ్డుదన్నాడు. బూడిద డబ్బాలో ఒక గ్లాసు కింద పడిందంతే.

అయినా కొడుకులు ఒప్పుకోలేదు, చలికి సోఫా బండే మేలన్నారు. సైటులో నాతో పనిచేసిన నిజామాబాద్ భాయ్ ఒకాయన అప్పటికి మాంసం దాచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. లారీ పట్టే గది. బాబా దాని యజమానికి ఫోన్ చేసి ఆ గది అడిగారు. మండు జూలైలో, బాబా ఉన్నికోటు తొడుక్కుని, ఒక్కో బండిలో రెండేసి గంటలు కూర్చున్నాను. సోఫా బండిలో నేల కింద గొట్టాలు గడ్డకట్టాయి, గోడలకు చెమట పట్టింది. బూడిద డబ్బాలో మాత్రం బయటి ఎండ వేడి ఇంకా మిగిలే ఉంది.

నేను సోఫా బండిలో ఉండగా భాయ్ తలుపు తీసి చూసి, "బయట మనోళ్ళు ఎండకు సొమ్మసిల్లుతున్రు. నీకు చలిల కూసునే డ్యూటీ. ఏం కిస్మత్ భాయ్ నీది," అన్నాడు.

అప్పుడే ఇంటి నుంచి ఫోన్. దుబాయ్‌లో ఎండలెట్లున్నయని మా ఆవిడ అడిగింది. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. చలికి వణుకుతున్నానన్నాను.

"నిజం చెప్పు. జరమొచ్చిందా?" అంది.

బాబా బూడిద డబ్బానే కొన్నారు. నవంబరులో, వాళ్ళింటికి చుట్టాలు దిగుతున్న రోజుల్లోనే, మేమిద్దరం బయల్దేరాం. సరిహద్దు చేరకముందే ఒకచోట ఆగాం. మధ్యాహ్నం నిద్రపోతానని ఆయన లోపలికెళ్ళారు. పడక డ్రైవరు క్యాబిన్ పైన ఉంది, నిచ్చెన మూడు మెట్లు. మొదటి మెట్టు మీదే ఆయన మోకాలు మొరాయించింది. కింద నుంచి నేను నెట్టాను. లాభం లేకపోయింది. ఇద్దరం కింద కూర్చున్నాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన తన హిందీలో మెల్లగా అన్నారు, నేను రోడ్డు చూశాను, చలి చూశాను, పడుకోబోయే మనిషిని మాత్రం చూడలేదని. కోపంగా అనలేదు. బండి తిప్పమన్నారు.

ఇంటికొచ్చేసరికి నా గది చుట్టాల వంటవాళ్ళకు ఇచ్చేశారు. నన్ను క్యాంపర్‌లో పడుకోమన్నారు. సైటు క్యాంపులో పన్నెండు మందిమి ఒక గదిలో ఉండేవాళ్ళం. ఇప్పుడు మంచు తుఫానుకైనా చెక్కుచెదరని ఇంట్లో ఒక్కణ్ణే, ఏసీ వేసుకుని. బాబా పొద్దున్నే తన గావా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి బండి కింది మెట్టు మీద కూర్చునేవారు. లోపల చల్లగా ఉందా అని అడిగేవారు. ఉందనేవాణ్ణి. ముందు రోజు ఆటలో ఎవరు గెలిచారో చెప్పి, నాకూ ఒక కప్పు పోసేవారు.