మడమ గీత దాటిందా

మా గని కబడ్డీ జట్టు ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయిన సాయంత్రం నేను గ్రౌండులోనే, వెనక గీతకు దగ్గరలోనే కూర్చుని ఉన్నాను. అయినా ఆ క్షణంలో ఏం జరిగిందో నాకు తెలియదు. నేను తప్ప, ఆ రోజు అక్కడున్న ప్రతివాడూ తనకు తెలుసనే అంటాడు.

అప్పటికి తెలంగాణ రాలేదు. గోదావరిఖనిలో గనుల మధ్య పోటీలంటే జనం విరగబడేవారు. మొదటి షిఫ్టు ముగించుకుని పైకి వచ్చినవాళ్లు స్నానం కూడా చేయకుండా, కనురెప్పల మీద బొగ్గు మసితోనే వచ్చి సున్నపు గీతల చుట్టూ కూర్చునేవారు. నేను భూమి లోపల పంపు ఆపరేటర్ని. నాకు ఆడటం రాదు, అరవడం మాత్రం బాగా వచ్చు.

మా జట్టుకు ప్రాణమంతా ఒక కుర్రాడే. పొట్టివాడు, పిక్కలు గట్టివి. కూతకు వెళితే ఊపిరి తెగేది కాదు. దగ్గు ముదిరి వాళ్ల నాన్న గని పనికి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే, ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. లోపల టింబర్‌మన్‌గా చేసేవాడు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు దిగకుండా దుంగలు నిలబెట్టే పని. నన్ను "అన్నా" అని పిలిచేవాడు. పంపు దగ్గరికి వచ్చి నీళ్లు తాగి, రెండు మాటలు చెప్పి వెళ్లేవాడు.

ఫైనల్ నదికి అవతల ఉన్న నస్పూర్ వైపు గనితో. చివరి నిమిషంలో పాయింట్లు సమానంగా ఉన్నాయి. కూత మాది. మా కోచ్, ఒకప్పుడు తనూ పేరున్న ఆటగాడే, గీత బయట నిలబడి "లోపల్కి పో, కార్నర్‌ను ముట్టు!" అని గొంతు చించుకున్నాడు. కుర్రాడు వెళ్లాడు. వాళ్ల కార్నర్ ఆటగాడు వెనక్కి వెనక్కి జరిగాడు. మావాడు వెనక గీత అంచు దాకా తరిమి, అతని భుజం తాకి, ఒక్క గెంతులో వెనక్కి తిరిగి, ఉరికి మధ్య గీత మీద పడి రెండు చేతులూ పైకెత్తాడు. సరిగ్గా తాకిన చోట, వాడి కాలి కింద తెల్లగా సున్నం లేచింది. విజిల్ మోగింది. అంపైర్ చెయ్యి అవతలి జట్టు వైపు చూపించింది. మడమ గీత దాటింది, ఔట్.

ఆ అంపైర్ మా క్వార్టర్ల వెనక లైన్లోనే ఉండే ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. మెత్తగా మాట్లాడేవాడు. ఆ రోజు గొడవ పెద్దదే అయింది. ఆయన చొక్కా పట్టుకున్నది మావాళ్లే, విడిపించిందీ మావాళ్లే.

మర్నాటి నుంచి గని ముందున్న చాయ్ హోటల్లో వాదన మొదలైంది.

"గీత తొక్కితే ఔటెట్లయితదిరా? గీత అవుతల మట్టి తొక్కితేనే ఔటు."

"సున్నం లేసింది నీ కండ్లకు కనవడలేదా?"

"లేస్తే లేసింది. గీత మీది సున్నమే గదా!"

"అసలు తప్పు అంపైర్‌ది కాదు. పాయింట్లు సమానంగున్నప్పుడు లోపల్కి పొమ్మని ఒర్రింది ఎవలు? ఊకె పోయి రమ్మంటే ఇంకొంచెంసేపు ఆడిపిచ్చేటోళ్లు. కోచ్‌దే తప్పు."

కోచ్ అక్కడే కూర్చుని ఉండేవాడు. "నేను చెప్పకపోతే ఆగేటోడా వాడు? వాని సంగతి మీకు తెల్వదా?" అనేవాడు. కుర్రాడు కూడా ఒక్కోసారి వచ్చి ఆ మాటలు విని, నవ్వి, చాయ్ తాగి పోయేవాడు. నువ్వే చెప్పరా అంటే, "అయిపోయింది గదా అన్నా, ఇడువున్రి" అనేవాడు.

ఇంతవరకైతే ఏ ఊళ్లోనైనా ఉండే ముచ్చటే. గెలిచిన జట్టును కంపెనీ స్థాయి పోటీలకు కొత్తగూడెం పంపారు. ఆడేవాళ్లకు ఆ రోజులన్నీ డ్యూటీ కిందే లెక్క, గనిలోకి దిగే పని లేదు. నస్పూర్ వాళ్లు అక్కడ ఆడుతున్న వారంలోనే, మా గనిలో మొదటి షిఫ్టులో పైకప్పు బండ పడింది. దుంగ నిలబెడుతున్న కుర్రాడు దాని కిందే ఉండిపోయాడు. పైకి తెచ్చినప్పుడు నేను పిట్ ఆఫీసు ముందే ఉన్నాను. స్ట్రెచర్ మీద దుప్పటి కప్పారు. కాళ్లు మాత్రం బయట కనబడుతున్నాయి. బూట్లు ఎవరో విప్పేశారు. నా పక్కన నిలబడిన కోచ్ ఆ పాదాల వంక చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆట గురించి ఎవరూ ఎత్తలేదు. మళ్లీ ఎత్తినప్పుడు, మాటలు అవే అయినా వాటి అర్థం మారిపోయింది. మడమ దాటలేదని విజిల్ ఊదకపోయి ఉంటే మావాడు ఆ వారం కొత్తగూడెంలో ఉండేవాడు. కోచ్ లోపలికి పంపకపోయినా అంతే. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి అనేవారు కాదు. సున్నం లేచిందా, మట్టి లేచిందా అని మాత్రమే కొట్లాడుకునేవారు. బల్ల మీద చక్కెర పోసి గీత గీసేవారు. అగ్గిపుల్లను కాలుగా పెట్టేవారు. కానీ ఆ గొంతుల్లో ఆట లేదు.

అంపైర్ సార్ మళ్లీ విజిల్ పట్టలేదు. హోటల్ ముందు నుంచి పోవాల్సిన మనిషి, కాలువ గట్టు మీదుగా చుట్టూ తిరిగి డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు పోటీలకు వేరే ఊరి నుంచి అంపైర్‌ను పిలిపించారు. అదే గ్రౌండు. ఎవరైనా కూతకు వెళ్లి వెనక గీత దగ్గరికి చేరితే, ఒక్కసారిగా జనమంతా అరవడం ఆపేసేవారు. ఆడేవాడు బెదిరి తన కాళ్ల వంక చూసుకునేవాడు.

నన్ను మాత్రం ఆ కుర్రాడి కూత పంపు దగ్గర పట్టుకుంది. అక్కడ ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పంపు చప్పుడుకు ఒక లయ ఉంటుంది. దానిలోంచి "కబడ్డీ, కబడ్డీ" అని కూత వినిపించేది. మొదట నా పిచ్చి అనుకున్నాను. ఒకరోజు తట్టుకోలేక పంపు ఆపేశాను. నీళ్లు కారుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. అమ్మయ్య అనుకున్నాను. అంతలో, బొగ్గు తీసేసి మూసేసిన గ్యాలరీ సొరంగం వైపు నుంచి, ఊపిరి తెగకుండా అదే కూత. నేను గబుక్కున మళ్లీ పంపు వేశాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెబితే డ్యూటీకి పోనివ్వదు.

ఇదిలా ఉండగా కుర్రాడి నాన్న హోటల్‌కు రావడం మొదలుపెట్టాడు. మేమంతా "కాకా" అని పిలిచేవాళ్లం. మొదటిసారి ఆయన లోపలికి వచ్చినప్పుడు వాదన జోరుమీద ఉంది. చటుక్కున అందరూ నోళ్లు మూసుకున్నారు. ఒకడు బల్ల మీది చక్కెరను అరచేత్తో చెరిపేశాడు.

కాక బెంచీ చివర కూర్చున్నాడు. దగ్గు ఆగాక, "ఆపిన్రేంది?" అన్నాడు. "చెప్పున్రి. ఎంత దాక అచ్చిన్రు?"

చివరికి కోచే అన్నాడు: "కార్నర్ దాక అచ్చినం కాకా."

"అయితే ముట్టిండు గదా వాన్ని?"

"ముట్టిండు. భుజం మీద."

"ఆఁ. మరి ఎన్కకు ఎట్ల దుంకిండు?"

కోచ్ లేచి నిలబడి, ఎట్లా దూకాడో చూపించాడు. వయసు మీద పడ్డ మనిషి, తూలి పడబోయాడు. కాక కళ్లార్పకుండా చూశాడు. ఆ రోజు నుంచి ఆయన వచ్చి కూర్చోని రోజు లేదు. ఎవరి పక్షమూ మాట్లాడేవాడు కాదు. వాదన చల్లబడుతుంటే మాత్రం ఒక ప్రశ్న వేసేవాడు. మళ్లీ రాజుకునేది. కొందరికి ఆయన్ని చూస్తే భయం పట్టుకుని హోటల్ మార్చారు. నేను మారలేదు. ఎందుకని ఇప్పుడు అడిగితే చెప్పలేను.

అట్లా ఏళ్లు గడిచాయి. రాష్ట్రం కోసం గనులన్నీ ఆగిపోయిన సమ్మె రోజులు వచ్చాయి. పనుల్లేవు, హోటల్ పొద్దున్నుంచే నిండిపోయేది. అందరి రక్తం వేడి మీద ఉంది. ఒక పొద్దున, ఆ ఫైనల్ నాడు గ్రౌండులో అందరికంటే ఎక్కువ అరిచిన హాలేజీ ఆపరేటర్, అంటే బొగ్గు బండ్లను లాగే యంత్రం నడిపే ఒకతను, బల్ల గుద్ది లేచాడు.

"ఇన్నేండ్లకు నాకిప్పుడు సమజైంది. ఆంధ్రోడు గాబట్టే మనోనికి ఔటిచ్చిండు!"

"అవుతలి జట్టు గూడ మన తెలంగాణోళ్లే గదరా," అన్నాడు కోచ్.

"వాళ్ల మేనేజరు ఎవడు? ఆ సార్ దిక్కోడే గదా! నడువున్రి, ఇంటికి పోదాం. అందరి ముందట తప్పు ఒప్పుకోవాలె. లేకుంటే సామాను సదురుకోవాలె."

ఐదారుగురు లేచారు. వాళ్ల ముఖాలు చూస్తే అడగడానికి మాత్రమే వెళ్లేట్టు లేరు. నేను "జర్ర ఆగున్రి" అన్నాను గానీ, నా మాట ఎవరికీ వినబడలేదు.

కాక లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కూసోన్రి," అన్నాడు. "మడమ దాటింది."

హాలేజీ అతను అర్థం కానట్టు చూశాడు. "ఏంది కాకా?"

"దాటింది. ఆనాడు ఇంటికచ్చినంక నా కొడుకే చెప్పిండు. 'బాపూ, మడమ అవుతల పడ్డది, కాలికి గరుకు తగిలింది. సార్ ఇచ్చింది కరెక్టే. నేనే ఊకె చేతులు లేపిన' అన్నడు. ఆయన జోలికి పోకున్రి."

లేచినవాళ్లు ఒక్కొక్కరే బెంచీల మీదికి చేరారు. చివరికి కోచే అడిగాడు: "మరి గిన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే కాకా?"

"చెప్తే మీరు ఆపుతరు గదా," అన్నాడు కాక. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నమే నేను అంపైర్ సార్ ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో పాత ఫ్యాను విప్పి ముందేసుకుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. చేతిలో స్క్రూడ్రైవర్ అట్లాగే పట్టుకుని విన్నాడు.

"ఆయనే చెప్పారా అండీ? నిజంగానా?"

"నిజమే సార్. మీరు ఊదింది కరెక్టే."

ఆయన కాసేపు లోపలి గది వైపు చూశాడు. భార్య వింటున్నదేమోనని కాబోలు, గొంతు తగ్గించాడు. "నేను చూడలేదండీ. వాళ్ల కార్నర్ కుర్రాడు అడ్డంగా ఉన్నాడు. సున్నం లేవడం చూశాను, విజిల్ ఊదేశాను. ఊదాక వెనక్కి తీసుకోలేం కదా."

"అయినా సరిగ్గనే ఊదిన్రు గదా సార్. ఇంక ఫికర్ ఎందుకు?"

"సరే, సరిగ్గానే ఊదాను. ఆ రోజు తప్పు చేసి, ఊదకుండా ఉంటే ఆ కుర్రాడు కొత్తగూడెంలో ఉండేవాడు కదండీ."

ఆయన భార్య తెచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

కాక ఆ తర్వాత హోటల్‌కు రాలేదు. వాదన కూడా ఆగిపోయింది. బెంచీ చివర చోటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. సమ్మె ముగిసి మళ్లీ గనిలోకి దిగాక, పంపు చప్పుడు వట్టి పంపు చప్పుడే అయింది. సంతోషించాల్సింది పోయి నాకు దిగులేసింది. చెవి పెట్టి వెతికాను కూడా. ఒకరోజు ఇంటికి వెళితే కాక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పలకరిస్తే "ఆఁ" అన్నాడు తప్ప ఇటు తిరగలేదు. ఇంట్లోవాళ్లు చెప్పారు, అన్నం సరిగ్గా ముట్టడం లేదని.

ఈ మాట కోచ్‌తో అన్నాను. మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని కాక ఇంటికి వెళ్లి, మంచం పక్కన నిలబడి కోపంగా అన్నాడు:

"కాకా, నువ్వు ఆనాడు అబద్ధం చెప్పినవ్. సార్‌ను కొడ్తరని, ఆయనను కాపాడేతందుకు చెప్పినవ్. వాని మడమ దాటలే. నేను చూసిన. నా అంత దగ్గర ఎవడున్నడు?"

కాక మెల్లగా ఇటు తిరిగాడు. అవుననలేదు, కాదనలేదు.

"నువ్వు ఆ దిక్కు లేవు," అన్నాడు చివరికి. "నువ్వు మధ్య గీత కాడ ఉంటివి."

"ఎవలు చెప్పిన్రు? హోటల్‌కు రా, నలుగురిల తేల్చుకుందాం."

ఆ సాయంత్రం కాక వచ్చాడు. కొడుకు నిజంగా ఆ మాట చెప్పాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఎవరూ అడగలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడే అంపైర్ సార్ రిటైరయ్యాడు. సామాను లారీకి ఎక్కించాక, వెళ్లేముందు హోటల్‌కు వచ్చాడు. ఆ ఫైనల్ తర్వాత ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. అప్పట్లో బల్ల గుద్దిన హాలేజీ అతనే లేచి నిలబడ్డాడు.

"సార్, పోయే ముందు మీరే చెప్పున్రి. దాటిందా, లేదా?"

సార్ నా వంక చూడలేదు. బెంచీ చివర కూర్చున్న కాక వంక చూశాడు. కాక గాజు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని వింటున్నాడు.

"ఏమోనండీ," అన్నాడు సార్. "చాలా దగ్గరగా పడింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను."

కాక తలెత్తాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. "జర్ర కూసోన్రి సార్. మీరు ఆనాడు ఏ దిక్కు నిలవడ్డరు?"

సార్ కూర్చుని, తను నిలబడ్డ చోటు చేత్తో చూపించసాగాడు. కాదు, అక్కడ కాదని కోచ్ అడ్డుపడ్డాడు. బయట లారీ డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, వాళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. నాకు రెండో షిఫ్టు టైమవుతుండటంతో లేచి వచ్చేశాను.