ఫ్రిజ్ తలుపు, వంటింటి తలుపు, నా వైవా

కొత్తగూడెంలో మాకిచ్చిన క్వార్టర్‌లో ఫ్రిజ్ తెరిస్తే వంటింటి తలుపు తెరుచుకోదు. వంటింటి తలుపు తెరిస్తే ఫ్రిజ్ తెరుచుకోదు. ఫ్రిజ్ జరపమని అమ్మ ఏళ్ల తరబడి పోరుతోంది. ప్లగ్గు అక్కడే ఉందని నాయిన అన్నేళ్లుగానూ ఒకటే జవాబు చెబుతున్నాడు.

నాయిన గనిలో బొగ్గు టబ్బులు లాగే మిషను నడుపుతాడు. అక్కడ గంట ఒకసారి మోగితే ఆపాలి. మూడుసార్లు మోగితే మనుషులు వస్తున్నారని అర్థం. ఎవరి మాటా చెవిన పెట్టని మనిషి గంటకు మాత్రం ఠక్కున లొంగుతాడు. అందుకే అమ్మ వంటింట్లోంచి వచ్చే ముందు గరిటెతో పళ్లెం మీద మూడు కొడుతుంది. నాయిన ఫ్రిజ్ మూసి పక్కకు తప్పుకుంటాడు. వాళ్ల కాపురం అలా సాగుతోంది.

నా పీహెచ్‌డీ వైవా ఆన్‌లైన్‌లో పెట్టారు. లాప్‌టాప్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ ఉన్న గదే దిక్కు. ఆరేళ్ల చాకిరీ ఆ కాసేపట్లో తేలాలి. "ఇయ్యాల పళ్లెం కొట్టకే అమ్మా, పరువు పోతది" అని గట్టిగా చెప్పాను. అంత తెలివి నాకెందుకు పుట్టిందో!

నా పరిశోధన బాక్టీరియాలోని ఒక ఎంజైము మీద. తిండి కరువైతే అది ఒక హెచ్చరిక అణువును తయారు చేస్తుంది. దాంతో బాక్టీరియా ఎదుగుదల తగ్గించుకుని ఒదిగి ఉంటుంది. తిండి దొరికాక ఆ అణువును విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే.

"చేసేదీ అదే, విరిచేదీ అదే. మరి రెండూ ఒకేసారి ఎందుకు చేయదు?" అన్నాడు పరీక్షకుడు, నవ్వంటే ఎరగని పెద్దాయన.

జవాబు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అప్పుడు మాత్రం "అంటే సార్... అదీ..." అని నసిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెనక ధడేల్‌మంది. పళ్లెం కొట్టకుండా అమ్మ తలుపు తోసింది, నాయిన అప్పుడే ఫ్రిజ్ తెరిచాడు. రెండు తలుపులూ గుద్దుకుని సీసా కిందపడి పగిలింది.

"గంట ఏదే?" అని నాయిన.

"నీ కొడుకే వద్దన్నడు!" అని అమ్మ. వంటింటి తలుపు మళ్లీ మూసుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మరుక్షణం లాప్‌టాప్ అటు తిప్పాను.

"ఇందుకే సార్, ఆ రెండు తలుపుల లాగే. ఎంజైము తన ఆకారం మార్చుకుంటుంది. అణువును చేసే చోటు తెరుచుకుంటే విరిచే చోటు మూసుకుపోతుంది. ఇది తెరుచుకుంటే అది మూత. రెండూ ఒకేసారి తెరుచుకుంటే చేసింది చేసినట్టే విరిగిపోయి, చివరికి కణానికి మిగిలేది ఆ గాజుపెంకులే."

పెద్దాయన పగలబడి నవ్వాడు. కాసేపటికి నన్ను డాక్టర్ అని పిలిచాడు.

వంటింటి తలుపు ఇంకా మూసే ఉంది. తన వల్లే అంతా చెడిందని అమ్మ బయటికి రావడం లేదు. నేను వెళ్లి తలుపు మీద మూడుసార్లు కొట్టాను.

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తొంగి చూసింది. "పోయిందా బిడ్డా?"

"లేదమ్మా, పట్టా వచ్చింది. నీ తలుపే గట్టెక్కించింది."

నాయిన ఫ్రిజ్ మీద చెయ్యేసి, "సూసినవా? ఇగ దీన్ని జరిపేదే లేదు" అన్నాడు.

అమ్మ లోపలికెళ్లి పళ్లెం మీద ఒక్కటంటే ఒక్కటి కొట్టింది. నాయిన నోరు మూసుకున్నాడు.