నాయిన సంతకం, నా ఇంగ్లిష్

మా చిన్నప్పుడు హైదరాబాదు చివర ఖాజాగూడ బండల పక్కన ఓ రేకుల షెడ్డు... అదే మా ఇంగ్లిష్ మీడియం బడి. వాన పడితే రేకుల చప్పుడుకి మిస్ చెప్పేది ఒక్క ముక్క వినబడేది కాదు. ఆ మిస్ కోస్తా వైపు మనిషి, అంతకుముందు కాల్ సెంటర్‌లో పనిచేసి వచ్చింది. పుస్తకం మూసేసి, "మనుషులు మాట్లాడుకునే ఇంగ్లిష్ చెప్తానమ్మా, ఇది పుస్తకంలో ఉండదు" అనేది.

ఓ రోజు బోర్డు మీద మూడు మాటలు రాసింది. జస్ట్... ఆల్రెడీ... నెవర్.

"ఐ హ్యాడ్, ఐ హ్యాడ్ అని సాగదీయకండమ్మా. 'ఐడ్' అనేసి, పక్కనే ఈ చిన్న మాట పెట్టి, ఆ తర్వాత చేసిన పని చెప్పండి. ఐడ్ జస్ట్ ఈటెన్ అంటే, మీ ఫ్రెండు వచ్చేసరికి మీరు అప్పుడే తిన్నారు. ఐడ్ ఆల్రెడీ ఈటెన్ అంటే, ఆ ఫ్రెండు రాకముందే తినేసి కూర్చున్నారు. నెవర్ పెడితే, అంతకుముందు ఎన్నడూ లేదని."

నాకు ఆ 'ఆల్రెడీ' మీద ఎంత మోజు పుట్టిందో! దారిలో కనబడ్డ మేకలకు కూడా చెప్పుకుంటూ ఇంటికొచ్చాను. బియ్యం చెరుగుతున్న అమ్మ చుట్టూ ఐడ్ ఆల్రెడీ, ఐడ్ ఆల్రెడీ అంటూ తిరిగితే, "ఏందే నీ లొల్లి, జర పక్కకు జరుగు" అని చాటతోనే అదిలించింది.

మా నాయిన హైటెక్ సిటీలో ఒక పెద్ద అద్దాల బిల్డింగుకి గార్డు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, రాళ్లు మోసీ మోసీ, చివరికి ఆ నీలం చొక్కా సంపాదించాడు. దాన్ని దండెం మీద వెయ్యనిచ్చేవాడు కాదు, మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచేవాడు. అది తొడిగితే చాలు, గల్లీలో మహానుభావుడి నడకే మారిపోయేది.

ఒక సాయంత్రం ఆ చొక్కాతోనే వచ్చి నా ముందు తెల్ల కాగితం పెట్టాడు. ఆ మధ్యాహ్నం ముందు గేటు దగ్గర, హౌస్‌కీపింగ్‌లో ఊడ్చే ఒకామె కళ్లు తిరిగి పడిపోయిందట. ఆమెను ఆటో ఎక్కించడానికి నాయిన రోడ్డు మీదికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే వెనక గేటు బార్లా తీసి ఉండటం పెద్ద సారు కంటబడింది. గంటకోసారి ఆ గేటు చూసి రావడం నాయిన పని. జరిగింది ఇంగ్లిష్‌లో రాసి, మర్నాడు పొద్దున్నే తెచ్చి ఇవ్వమన్నారు.

"నువ్వే రాయాలె బిడ్డా. ఉన్నదున్నట్టు రాయి. ఆమెను ఆటో ఎక్కియ్యనీకి పోయిన, గందుకే ఎనక గేటు కాడికి పోలేకపోయిన అని రాయి. ఇన్నేండ్లల్ల ఎన్నడు నా గేటు ఇడిసిపెట్టలే అని గూడ రాయి."

"నౌకరీ పోతదా?" అంది అమ్మ.

"నిజం రాస్తే ఏం గాదన్నడు సూపర్‌వైజర్. ఫికర్ జెయ్యకు."

పీట మీద కాగితం పెట్టుకుని రాశాను. ఐడ్ జస్ట్ గాన్ టు ద ఆటో... జస్ట్ వచ్చేసింది. ఐడ్ నెవర్ లెఫ్ట్ మై గేట్ బిఫోర్... నెవర్ వచ్చేసింది. మరి నా ఆల్రెడీ? నాకిష్టమైన మాటే మిగిలిపోయింది! మూడూ ఉంటేనే కదా మిస్‌కి గొప్పగా చెప్పుకోవచ్చు. వెనక గేటు దగ్గరికి పోలేకపోయానని రాయాల్సిన చోట, 'ఐడ్ ఆల్రెడీ చెక్డ్ ద బ్యాక్ గేట్' అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను.

పైకి చదివి వినిపించాను కూడా. నాయినకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా మురిసిపోయాడు. "సూడే, నా బిడ్డ రైలు లెక్క సదువుతుంది" అని అమ్మకు చెప్పి, కింద తెలుగులో సంతకం పెట్టాడు. జిరాక్స్ ఒకటి తీయించి దాచుకున్నాడు.

మూడో రోజు నాయిన ఉత్త బనీనుతో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. చొక్కా అక్కడే విప్పించి తీసేసుకున్నారు.

"కెమెరా సూసిన్రంట. నేను ఎనక గేటు కాడికే పోలేదంట. ఆ మాట నేనే చెప్తి గదా! గేటు ఇడిసిపోతే మాఫ్ జేస్తుంటిమి, కాగితంల అబద్ధం రాసినవ్, నడువ్ అన్నరు." నా వైపు తిరిగాడు. "నేనేం అబద్ధం రాసిన బిడ్డా?"

"ఏం లేదు నాయినా" అన్నాను.

పదేళ్ల పిల్లని, భయపడ్డాను. మరి ఇరవై ఏళ్లకి? పాతికేళ్లకి? అప్పుడేమైంది నా నోటికి?

ఆ తర్వాత నార్సింగిలో అపార్టుమెంట్లు లేస్తుంటే నాయిన ఇటుకలు మోశాడు. నడుము పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ జిరాక్స్ తీసి చూపించేవాడు. "నా బిడ్డ మస్తుగ రాసింది. సదువుకున్నోళ్లే గని, ఆళ్లకే సమజ్ గాలే" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇప్పుడు అదే రోడ్డు మీద, అలాంటి అద్దాల బిల్డింగులోనే నా ఉద్యోగం. రోజంతా మెయిళ్లు. ఐడ్ ఆల్రెడీ సెంట్... ఐడ్ ఆల్రెడీ షేర్డ్... సిగ్గు లేకుండా రాస్తూనే ఉంటాను.

పోయిన ఆదివారం మదీనాగూడలో మా ఇంట్లో, మూడో తరగతి చదివే నా కూతురికి నాయిన ఆ జిరాక్స్ ఇచ్చాడు. "మీ అమ్మ ఇంచుమించు నీ అంత ఉన్నప్పుడు రాసింది, సదువు." పిల్ల చదివి ఊరుకోలేదు, ఒక్కో లైనుకీ తెలుగు చెప్పడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. అప్పటికే అయిపోయింది.

"తాతా, వెనక గేటు అప్పటికే చూసేశాను అని ఉంది ఇందులో. నిజంగా చూశావా?"

నాయిన నా ముఖంలోకి చూశాడు.

"సూసిన బిడ్డా" అన్నాడు మనవరాలితో.

నాయిన నోట అబద్ధం వినడం నాకు అదే మొదటిసారి. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత అది ఎవరికీ చూపించలేదు. నేను అన్నం పెడితే తింటున్నాడు, అడిగితే ఊ అంటున్నాడు.

ఆ రేకుల బడి ఉన్న చోట ఇప్పుడు టవర్లు లేచాయి. బండలు సగం పైగా పగలగొట్టేశారు. ఆ మిస్ ఎక్కడుందో తెలియదు.

మీ మాట నమ్మి, చదవకుండా సంతకం పెట్టినవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? నిజం వాళ్లకు ఎలా చెప్పారో కింద కాస్త రాయండి... నాయిన పక్క గదిలోనే ఉన్నాడు, నేనింకా చెప్పలేదు.