తెలుగు కరపత్రం తెరవని ల్యాప్‌టాప్

ప్రొద్దుటూరులో ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడే షాపాయన చెప్పాడు. "దీంట్లో విండోస్ ల్యా పాపా. ఉచితంగా దొరికేది ఏదో ఏసిచ్చినారు. అందుకే రేటు తక్కువ." మా వైపు ఊరికే వచ్చే ప్రతిదాని వెనక ఎవరో ఒకరు ఉంటారు. దీని వెనక ఎవరున్నారని అడిగాను. "ఎవరూ ల్యారు. దేశదేశాలోళ్ళు కలిసి చేసినారంట," అన్నాడు. నమ్మలేదు గానీ కొన్నాను. నా చేతిలో ఉన్న డబ్బుకు అదే వచ్చేది.

జమ్మలమడుగులో మా ఇంటి ముందుగదిలో టైపింగ్ షాపు పెట్టాను. పెళ్ళిపత్రికలు, అర్జీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు. ఉన్నమాట చెప్పాలంటే అదేం గొప్ప మిషన్ కాదు. పక్కనుంచి చూస్తే తెర నల్లగా కనిపించేది. మధ్యాహ్నానికి పెనంలా కాలేది. ప్రింటర్‌తో దానికి ఒక పట్టాన పొసగలేదు, నాకు ఏడుపొచ్చింది. కానీ ఊళ్ళోని పెన్‌డ్రైవులన్నీ మోసుకొచ్చే వైరస్సులు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం మహారాణి.

దాని అసలు లోపం ఎలక్షన్లప్పుడు బయటపడింది. అప్పటికి మా ఊరి రెండు వర్గాల మధ్య బాంబులు తగ్గాయి, అలవాట్లు తగ్గలేదు. ఫలానా హోటల్లో టీ తాగితే ఫలానా వర్గం కింద లెక్క. ఒకరి కరపత్రం కొడితే ఆ పూట నుంచే వాళ్ళ మనిషివి. ఇద్దరికీ కొడితే ఇద్దరికీ అనుమానం. కొట్టనని చెప్పావో, ఇంక అంతే సంగతులు. నాకు ఎవరి మనిషినీ అవ్వాలని లేదు. నా షాపు నాదిగా ఉంటే చాలు.

మొదట ఒక వర్గం మనిషి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లీషు ముక్కలు. నేను కొట్టే తెలుగు ఫాంటు వేరు, వాళ్ళ కరపత్రం కొట్టిన పాత తెలుగు ఫాంట్లు ఇందులో లేవు.

"ఏంది పాపా ఇది? మా నాయకుని పేరు యాడుంది?"

"దీంట్లో రాదు మామా. ఇది వేరే రకం."

నా మిషన్‌ను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు రెండో వర్గం మనిషి వచ్చాడు, అదే గీతలు చూసి అతనూ తిట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. కాదని చెప్పే పని నా బదులు ఆ మిషనే చేస్తోంది. ఆ ఫాంట్లు ఎలా వేసుకోవాలో వారంలోపే నేర్చుకున్నాను, వేయలేదు.

మా నాయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా "సరే, చూద్దాం లేప్పా" అన్న మాటతోనే ఈదుకొచ్చాడు. ఎవరికీ ఎప్పుడూ కాదని చెప్పింది లేదు. నాకూ ఆ గుణమే అబ్బింది.

మొదటి మనిషి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొని. నాయన పేపరు చదువుతూ అక్కడే ఉన్నాడు.

"పాపా, నీకెందుకీ తిప్పలు? మేమే విండోస్ ఏయిస్తాం. దుడ్లు ఇయ్యాల్సిన పన్ల్యా. మన కరపత్రాలు ఈడనే కొట్టుకుందాం."

మెకానిక్ బ్యాగు తెరిచి సీడీ తీశాడు. అడ్డం చెప్పడానికి ఇంక ఏ సాకూ మిగల్లేదు. అతను ల్యాప్‌టాప్‌ను తనవైపు లాక్కున్నాడు.

"వద్దప్పా," అన్నాడు నాయన.

"ఏంది సామీ?"

"ఏయొద్దంటాండా. నా బిడ్డ మీ పని చెయ్యదు. వాళ్ళదీ చెయ్యదు."

"శానా పెద్ద మాట అంటాండావు సామీ."

"అవును. అన్నా."

ఆ మనిషి మెకానిక్ భుజం తట్టి బయటికి నడిచాడు. వాళ్ళ జీపు సందు దాటేదాకా నాయన లేవలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, "నీ పని చూసుకో పో," అన్నాడు.

మర్నాడు పొద్దున నేను షాపు తెరవడానికి వచ్చేసరికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పోలింగు అయ్యేదాకా ప్రతిరోజూ భయపడుతూనే అక్కడ కూర్చున్నాడు.