బాపుకు వినబడ్డ చేప

మా అమ్మ కొమురవ్వ కూరలో ఉప్పు ఎక్కువైందని అని బతికి బట్టకట్టినవాళ్లు సూరత్‌లో మేముండే నవాగామ్‌లో లేరు. ఒకసారి మా మేనమామ నోరు జారి "అక్కా, జర ఉప్పు..." అన్నాడో లేదో, ముందున్న కంచం లాక్కెళ్లి పక్కింటి లింగవ్వకు ఇచ్చేసింది. పాపం ఆయన ఆ పూట రెండు అరటిపళ్లతో సరిపెట్టుకున్నాడు. మా బాపు లక్ష్మీరాజం మాత్రం కాపురంలో మొదటి ఇరవై ఆరేళ్లూ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఆయన తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

అమ్మ పంతొమ్మిదేళ్లకు పెళ్లి చేసుకుని సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చింది. బాపు సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు అలాగే అంటారు. అమ్మ ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టింది, చీరలకు రాళ్లు అంటించింది, నన్ను చదివించింది. ఇన్నేళ్లూ ఆమె గొంతు పైస్థాయిలోనే ఉంది. ఆ తప్పు ఆమెది కాదు. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో నిలబడ్డ మనిషికి చెవులేం మిగులుతాయి? అరిస్తే తప్ప బాపు పలకడు. అందుకే మా ఇంట్లో రహస్యాలు లేవు. ఏ సంగతైనా మాతోపాటే గల్లీ అంతా వింటుంది.

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో బాపుకు కరోనా వచ్చి తగ్గింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వాటితోపాటు నాలుకకు రుచి, ముక్కుకు వాసన కూడా పోయాయి. అసలు గండం అక్కడే మొదలైంది. ఏది నోట్లో పెట్టినా "మట్టి" అనేవాడు. పప్పు మట్టి, పచ్చిపులుసు మట్టి, మటన్ కూడా మట్టే. మూడు వారాల్లో పదకొండు కిలోలు తగ్గి, గుంజకు అంగీ తగిలించినట్టు తయారయ్యాడు.

మే నెల మొదట్లో ఒక గురువారం డాక్టర్ చూసి తేల్చి చెప్పాడు. సోమవారం దాకా గడువు. అప్పటికీ తినకపోతే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందే. నూనెలో వేయించినవి మాత్రం పెట్టొద్దు, మళ్లీ దగ్గు లేస్తుంది. ఆ రోజుల్లో ఆసుపత్రి పేరు చెబితేనే మాకు భయం. మా గల్లీ నుంచి వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు.

"నేను పంప," అంది అమ్మ. "సోమారం లోపట ఈయనతోని తినిపిస్త. తినిపియ్యకుంటే నా పేరు కొమురవ్వ కాదు."

శుక్రవారం పొద్దున్నే పోయి కొర్రమీను తెచ్చింది. ఎర్రగా వేయించిన కొర్రమీను ముక్కలంటే బాపుకు ప్రాణం. కానీ నూనె వద్దన్నారు కదా! మొదటి లాక్‌డౌన్‌లో ఫోన్ చూసి నేను కుక్కర్‌లో కేకు చేశాను. అదే పద్ధతిలో చేపను కాలుద్దామన్నాను.

"నీ కేకు తిన్న కుక్క మల్ల మన గల్లీకి రాలే," అంది అమ్మ. అంటూనే పాత కుక్కర్ కిందికి దించింది.

ముళ్లు తీసి బొటనవేలంత ముక్కలు కోసింది. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి, కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, వెల్లుల్లి తరిగి కలిపి ముక్కలకు అద్దింది. కుక్కర్ అడుగున దొడ్డుప్పు పరిచి, పైన పళ్లెంలో ముక్కలు పేర్చి, విజిల్ తీసేసి మూత పెట్టింది. తీసి చూస్తే పల్లీలన్నీ జారి ముద్దయి ఒక పక్కకు చేరాయి. బాపు ఒక ముక్క నోట్లో పెట్టుకుని "మట్టి" అని గోడ వైపు తిరిగాడు.

"మట్టేనా? కొర్రమీను ఎంత పిరమో ఎర్కేనా నీకు?" అని అమ్మ అరిచింది. తర్వాత మోరీ దగ్గర గిన్నెలు తోముతూ ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

శనివారం ముక్కల్ని గుడ్డతో తుడిచి, కొత్తిమీర, పుదీనా ఆకుల్ని డాబా మీద ఎండబెట్టి మళ్లీ చేసింది. ఈసారి పల్లీలు అతుక్కున్నాయిగానీ, ముక్క ఎత్తగానే జలజలా రాలిపోయాయి. మంచంలో ఉన్న బాపు ఆ పళ్లెం వైపు చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు సిరిసిల్లలో ఆయన పని నూలుకు గంజి పట్టించడం.

"గంజి వెట్టకుంట పోగు ఆగుతదా?" అన్నాడు విసుగ్గా. "ఇరవై ఏండ్లు కండెలు చుట్టినవు, గంత తెల్వదా?"

నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఇంకెవరైనా ఆ మాట అంటే పళ్లెం గాల్లోకి లేచేది. కళ్లు తెరిచేసరికి అమ్మ నా చెవి దగ్గరుంది. "తిడుతున్నడే బిడ్డా! ఇన్నవా? తిడుతున్నడు!" అంది సంబరంగా, గుసగుసగా. మా అమ్మకు గుసగుస వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం బాపు గోడ పట్టుకుంటూ వచ్చి, పొయ్యి దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ఇక మొదలుపెట్టాడు పెత్తనం.

"పల్చగ వెట్టు. ఇంకింత పల్చగ. ఆరనియ్యి. తడి మీద తడి వెడితే జారుతది."

అమ్మ నోరెత్తకుండా అన్నీ చేసింది. ముక్కలకు గంజి పట్టించి ఫ్యాన్ కింద ఆరబెట్టింది. మళ్లీ ఒక పూత వేసి, పల్లీల్లో పొర్లించి, అరచేత్తో అదిమింది. ఆఖరి పది నిమిషాలు ఆవిరి పోయేలా మూత ఓరగా తెరిచింది. ముక్కలు ఎర్రగా, అక్కడక్కడా ఆకుపచ్చగా వచ్చాయి. ఒకటి ఎత్తి దులిపితే పల్లీ పలుకు ఒక్కటి రాలలేదు.

బాపు నోట్లో పెట్టుకుని కొరికాడు. నములుతూ నములుతూ టక్కున ఆగిపోయాడు. చెయ్యి దవడ మీదికి పోయింది. నేను నీళ్ల చెంబు అందుకున్నాను.

"ఇనవడ్తుంది!" అని అరిచాడు.

"ఏందయ్యా? ఏమైంది?"

"కరకర! లోపటికెల్లి ఇనవడ్తుందే!"

అవును మరి! నాలుక పోయింది, ముక్కు పోయింది, చెవులు ఎప్పుడో పోయాయి, కానీ పళ్లు గట్టిగానే ఉన్నాయి కదా! మేము గొంతు చించుకున్నా వినపడని మనిషికి ఆ పల్లీల చప్పుడు పళ్లలోంచి తిన్నగా తలలోకి పోయింది. ఆయన ముఖం చూడాలి! పండక్కి కొత్త బట్టలు తొడిగిన పిల్లాడిలా ఉంది.

"రుచి తెలుస్తుందా బాపూ?" అన్నాను.

"లేదు బిడ్డా."

అమ్మ నన్ను పక్కకు తోసింది. "రుచి సంగతి తర్వాత సూద్దాం. ముందుగాల చప్పుడు తిను!"

తొమ్మిది ముక్కలు తిన్నాడు. మా కేకలకు లింగవ్వ కూడా వచ్చింది. ముగ్గురం ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాం. సోమవారం డాక్టర్ విషయం విని సెలైన్ అక్కర్లేదన్నాడు. ఆయన శాకాహారి కాబట్టి సరిపోయింది, లేకపోతే అమ్మ వెంట తెచ్చిన చేప ముక్కల డబ్బా తెరిచి అక్కడికక్కడే తినిపించేది. తర్వాత నెల రోజులు మా ఇంట్లో అన్నీ కరకరలాడాయి. బాపు మళ్లీ మనిషయ్యాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం అవే చేప ముక్కలు తింటూ బాపు ఆగాడు. భయం భయంగా అమ్మ వైపు చూశాడు.

"కొమురీ, ఏమనుకోకు. ఉప్పు జర ఎక్కువైంది."

నేను ఆయన కంచం పట్టుకుని వెనక్కి లాగాను. అమ్మ గరిటెతో అలాగే నిలబడింది. తర్వాత గరిటెతోనే గల్లీలోకి ఉరికింది.

"ఓ లింగవ్వా! ఇన్నవానే? మా ఆయన ఉప్పెక్కువైందన్నడు! ఉప్పెక్కువైందన్నడే!"

గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి అదే మాట చెబుతోంది. నేను లోపల ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజంగానే ఉప్పు ఎక్కువైంది. కానీ నేను ఆ మాట పైకి అనలేదు. నాకింకా బతకాలని ఉంది.