సీతారావమ్మ గారు ఇవ్వొద్దన్న తుపాకీ

పింఛను రోజున బ్యాంకు బల్ల మీద కూర్చుంటే, గుమ్మం దగ్గర కాపలాదారు నూనెగుడ్డతో తుపాకీ తుడుస్తూ కనిపిస్తాడు. ఇనుమూ నూనే కలిసిన ఆ వాసన తగలగానే, దాని వెనకే ఇంగువ పోపు వాసన కూడా వచ్చినట్టుంటుంది. ఆ రెండూ నాకు ఒకే ఇంట్లో అలవాటయ్యాయి. అది సీతారావమ్మ గారి ఇల్లు.

అరవైల తొలి రోజుల్లో, జగ్గయ్యపేటకూ నందిగామకూ నడుమ రోడ్డు పక్క ఊళ్ళో, ఒక చిన్న పోలీసు స్టేషనులో నేను రైటరుగా పనిచేశాను. కాగితాలు రాయడం, స్టేషనుకు అప్పగించిన వస్తువులు భద్రపరచడం నా పని. అప్పటికి పెళ్ళి కాలేదు. సీతారావమ్మ గారి వసారా గదిలో అద్దెకుంటూ ఆవిడ పెట్టిన అన్నమే తినేవాణ్ణి. భర్త పోయాక మెట్ట పొలాన్నీ, మిరపతోటనూ, ఇద్దరు కొడుకులనూ ఆవిడే నడుపుకొచ్చారు. పెద్దవాడు రంగారావు. తోట మీద పడే అడవిపందుల కోసం రెండు గొట్టాల తుపాకీకి లైసెన్సు తీసుకున్నాడు. చిన్నవాడు పూర్ణయ్య వేరుపడి పక్కవాటాలో ఉండేవాడు. పంచుకోగా ఉమ్మడిగా మిగిలింది ఒక మోటబావి.

రంగారావు మంచి మాటకారి. కౌజుపిట్టల వేటకు నన్ను మునేటి గట్టుకు వెంటబెట్టుకు వెళ్ళేవాడు. ఒక వేసవిలో ఆ మనిషి మారిపోయాడు. తమ్ముడు బావిలో ఏదో కలుపుతున్నాడని అనుమానం పట్టుకుంది. నిద్ర కరువైంది. తుపాకీ ఒళ్ళో పెట్టుకుని బావి వైపు చూస్తూ కూర్చునేవాడు. అతని తూటాలు మాయం కావడం కూడా అప్పుడే మొదలైంది.

"అమ్మా, నా తూటాలేవి?"

"ఎలకలెత్తకపోయుంటయ్."

"ఎలకలు తూటాలు తింటయ్యా ఏంటి?"

"నీ నిద్ర తిన్నయ్, తూటాలు తినవా?"

అన్నం కలుపుకుంటూ నేను నవ్వాను. ఆవిడ వాటిని జొన్నల గాదె అడుగున దాచారని నాకు తెలుసు. ఒక తల్లి అంత పని ఎందుకు చేస్తుందో మాత్రం ఆలోచించలేదు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఉన్నవాళ్ళంతా తుపాకులు స్టేషనులో అప్పగించాలి. ఒక్కోదానికీ యజమాని పేరున్న గుడ్డపేలిక కట్టి గోడవార నిలబెట్టేవాళ్ళం. రంగారావు తుపాకీ కూడా వచ్చి చేరింది. అది ఇంట్లో లేని ఆ రోజుల్లోనే, సీతారావమ్మ గారు మధ్యాహ్నం పూట అరుగు మీద ఒరిగి కునుకు తీయడం మొదటిసారి చూశాను.

ఓట్ల లెక్కింపు అయ్యాక ఎవరివి వారికి ఇచ్చేయమన్నారు. ఆ పొద్దున ఆవిడ వడ్డిస్తూ అడిగారు.

"అబ్బాయ్, మావాడిది ఇవ్వబాక."

"ఎట్టా కుదురుద్దండీ? ఆయన మీద కేసు లేదు, ఫిర్యాదు లేదు."

"కేసయ్యేదాకా ఆగాలా? నే చెప్తన్నాగా. కాయితం రాయి, వేలిముద్ర ఏస్తా."

"మీలాంటి ఇంటోళ్ళు కన్నకొడుకు మీద స్టేషన్లో కాయితం పెడితే ఏం బాగుంటదండీ? పరువు పోద్ది."

"పరువు సంగతి నే చూసుకుంటా. నువ్వు తుపాకీ సంగతి చూడు."

చట్టంలో దారి లేకపోలేదు. అప్పుడే వచ్చిన కొత్త ఆయుధాల చట్టం ప్రకారం, మతి స్థిమితం తప్పినవారి లైసెన్సునూ, నలుగురికీ ప్రమాదమనిపించినవారి లైసెన్సునూ ఆపవచ్చు. మా ఎస్సైగారి చెవిన ఒక్క మాట వేస్తే, ఆయన తుపాకీ తన దగ్గరే ఉంచి పైకి రాసేవారు. నేను వేయలేదు. పరువు అన్నది పైకి చెప్పిన మాట. వేట స్నేహితుడి ముందు చెడ్డవాణ్ణి కావడం నాకిష్టం లేదు, అదీ అసలు సంగతి.

మధ్యాహ్నం రంగారావు తల నున్నగా దువ్వుకుని, తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. "రైటరు గారూ, మా పెళ్ళికూతుర్ని పంపిస్తారా?" అన్నాడు. "తీసికెళ్ళి చక్కగా కాపురం చేసుకోండి" అంటూ, వరసలో ముందున్నవాళ్ళను ఆపి అతనికే ముందు ఇచ్చాను.

కొత్త తూటాలు కొనుక్కున్నాడు. ఆ వారంలోనే, బావి దగ్గర మోట కడుతున్న పూర్ణయ్య మీద కాల్చాడు. పూర్ణయ్య బతికాడు. బెజవాడ ఆస్పత్రిలో కుడికాలు మోకాలి పైకి తీసేశారు.

ఎస్సైగారు విచారణకు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పక్కన కలం పట్టుకుని నేను. "ముందే ఎవరికన్నా చెప్పారా అమ్మా?" అని అడిగారాయన. ఆవిడ నన్ను చూపించారు. "ఈ అబ్బాయికే చెప్పా. అన్నం పెడతా చెప్పా." ఆ మాట నా చేత్తో నేనే రాసుకున్నాను. నాకు పడిన శిక్ష చిన్నది. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

ఆ సాయంత్రం కంచం ఎప్పటిలాగే నా గదికి వచ్చింది. వద్దన్నాను.

"తిను. తప్పు చేసినోడు పస్తుంటే తప్పు తగ్గుద్దా? పొద్దున్నే చిన్నోడికి ఆస్పత్రికి, పెద్దోడికి జైలుకి అన్నం తీసకెళ్ళాలి. క్యారేజీలు నువ్వు మొయ్యి."

మోశాను. బస్సులో ఒళ్ళో ఆ రెండు క్యారేజీల వేడి తగులుతుంటే ఆవిడ పక్కన కూర్చున్నాను. దారిలో ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఓదార్చనూ లేదు.

కోర్టులో వకీలు ఆవిడ నోట కొడుకు దుర్మార్గుడని అనిపించాలని చూశాడు. "మావాడు చెడ్డోడు కాదండీ, వాడికి బాలేదు. జొరమొచ్చినోడికి గారెలు పెట్టం, ఇదీ అంతే. వాడి చేతికి అది ఇవ్వకూడదు" అన్నారావిడ. రంగారావును పిచ్చాసుపత్రికి పంపారు. కొన్నేళ్ళకు నెమ్మదించి తిరిగొచ్చాడు. ఆవిడ ఇద్దరికీ ఒకే పీటల వరసలో అన్నం పెట్టారు.

తరవాత నేను చాలా స్టేషన్లు మారాను. ఎన్నికలయ్యాక తుపాకీ తీసుకోవడానికి వచ్చిన ప్రతివాడినీ, ఇంట్లో నుంచి ఒకరిని వెంటబెట్టుకు రమ్మనేవాణ్ణి. "పెళ్ళాం సెలవిస్తేగాని ఈ రైటరు తుపాకీ ఇవ్వడంట" అని కాఫీ హోటళ్ళలో నవ్వుకునేవారు. ఒకసారి చందర్లపాడు వైపు నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు. "ఇచ్చెయ్యండి" అందావిడ. అంటూనే కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఆయన్ను బయట కూర్చోబెట్టి మళ్ళీ అడిగాను. ఆవిడ గుమ్మం వైపు చూసి, కొంగు ఇంకా బిగించి చుట్టుకుంది. లేచి వెళ్ళి అక్కడి ఎస్సైగారికి చెప్పాను. తుపాకీ గోడవారే ఉండిపోయింది.

ఇచ్చి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. ఆ ఇంటి నుంచి మాకు ఏ కబురూ రాలేదు. అలా కబురు రాని ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం ఊహించుకోగలను. మధ్యాహ్నం పూట ఆ ఇంటి అరుగు మీద ఒకావిడ ఒరిగి కునుకు తీస్తూ ఉంటుంది.