టికెట్టును పిలిచిన ఈల

కండక్టరు గారు ఉద్యోగం దిగి చాలా కాలమైంది. ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఎవరైనా గుమ్మంలో నిలబడితే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేస్తారు. భోజనం దగ్గర ఇక వడ్డించొద్దనడానికి "హోల్డాన్" అంటారు. ఆయన భార్య మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, చివరికి "రైట్ రైట్" అనడం తనే నేర్చుకుంది. ఇన్నేళ్లూ జనం మీద అరిచీ అరిచీ ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుతో ముద్దుగా మాట్లాడినా ఎదుటివాళ్లకు తిట్టినట్టే వినిపిస్తుంది. అందుకే మాట లేకుండా గడిచే చోటల్లా ఆయన జేబులోంచి స్టీలు ఈల తీసేవారు.

ఆయన్ని కుక్కల దగ్గరికి తోలింది కూడా భార్యే. వాళ్ల పేటకి అవతల పశువుల డాక్టరమ్మ ఒకావిడ పాత గోడౌను అద్దెకు తీసుకుని, దెబ్బలు తగిలిన కుక్కల్నీ, ఎవరో వదిలేసి పోయిన కుక్కల్నీ చేరదీసి, నయం చేసి, ఇళ్లు చూసి ఇస్తూ ఉంటుంది. అక్కడ ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లు కావాలని భార్య ఎక్కడో విన్నదట.

"నా పోరు పడలేక కుక్కల పాలు చేస్తావా?" అన్నారు కండక్టరు గారు.

"వాటికి మీ మాటలు అర్థం కావు కదండీ. సుఖపడతాయి" అందావిడ.

అక్కడ ఆయనకు దొరికిన పని అందరికీ చేతనయ్యేది కాదు. కుక్కని ఒక ఇంటికి ఇచ్చేయడం తేలికే, అది ఆ ఇంట్లో నిలబడటమే కష్టం. మొదటి రోజుల్లో మంచం కింద దూరి బయటికి రాదు, అన్నం ముట్టదు, ఎవరైనా చెయ్యెత్తితే గజగజలాడుతుంది. ఇంటివాళ్లేమో తెచ్చిన రోజే స్నానం చేయించాలనీ, చుట్టాలందరికీ చూపించాలనీ తహతహలాడతారు. కండక్టరు గారు అలాంటి ఇళ్లకు వెళ్లి ముందు జనాన్ని ఖాళీ చేయించేవారు. కుక్క పడుకోవడానికి రెండు గోడలు కలిసే మూల చూసి, గోడౌన్లో అది పడుకున్న గోనెపట్టానే ఉతక్కుండా తెచ్చి అక్కడ పరిచేవారు. తర్వాత కుక్కకి వీపు పెట్టి నేల మీద కూర్చుని, అది తనంతట తనే వచ్చి వాసన చూసేదాకా పేపరు చదువుకునేవారు. పేపరులో పెళ్లి ప్రకటనలతో సహా అన్నీ చదివేసిన రోజులు ఉన్నాయి.

వెళ్లేముందు ఇంటివాళ్లకు ఒక ఈల ఇచ్చి వచ్చేవారు. గోడౌన్లో ప్రతి కుక్కకీ ఆయన నేర్పే మొదటి పాఠం అదే. ఒక్కటే ఈల, పొడుగ్గా. వినగానే పరిగెత్తుకు వస్తే నోట్లో ఒక ముక్క, తల మీద ఒక చెయ్యి. కుక్క పొరపాటున వీధిలోకి పోయినా ఆ ఒక్క ఈలతో వెనక్కి వచ్చేస్తుంది. డాక్టరమ్మ కూడా మురిసిపోయింది. "బాబాయ్ గారూ, మా చదువులో ఇది లేదు" అని అందరి ముందూ మెచ్చుకుంది. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లి ఆ మాట భార్యకి మూడు రకాలుగా చెప్పారు.

టికెట్టు అన్న కుక్కకి ఆ పేరు పెట్టింది ఆయనే. బస్సుల డిపో వెనక, తుక్కు కింద అమ్మడానికి పెట్టిన బస్సు కింద దొరికింది. గోధుమరంగు, ఒక చెవి సగం తెగిపోయింది. మనిషి చెయ్యి చూస్తే చాలు, ఉచ్చ పోసుకునేది. మనిషి గొంతు వింటే ఇనుప సామాను సందుల్లోకి దూరిపోయేది. దాన్ని ఎవరు ఏం చేశారో దానికే తెలియాలి. దానికి చెయ్యీ గొంతూ లేని పిలుపు ఒకటి కావాల్సి వచ్చింది. కండక్టరు గారు దూరంగా నిలబడి ఈల ఊది, తిండి కింద పెట్టి వెనక్కి పోయేవారు. రోజులు గడిచేకొద్దీ ఆ దూరం తగ్గింది. ఒకరోజు అది తిండి వదిలేసి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. చీకటి పడ్డాక ఫోను చేసి, "వంట చేసేసి తినేసెయ్, నేను కదలడానికి లేదు" అని భార్యకి చెప్పారు.

అయినా దాని అదృష్టం అంతంత మాత్రమే. ఒక ఇంటివాళ్లు, ఎంతకీ ఆడుకోవడం లేదని తెచ్చి దింపేశారు. ఇంకో ఇంటివాళ్లు, సోఫా పాడుచేసిందన్నారు. సోఫా మళ్లీ కొనుక్కోవచ్చని కండక్టరు గారు చెప్పబోతే డాక్టరమ్మ కళ్లతోనే ఆపింది. వాళ్లు వెళ్లాక మాత్రం ఆవిడ ఉన్నమాట చెప్పింది.

"ఇంకొక్క ఇల్లు చూస్తాను బాబాయ్ గారూ. అక్కడినుంచి కూడా తిరిగొస్తే ఇక వీణ్ణి ఎవరికీ ఇవ్వలేం. ప్రతిసారీ వీడు ఇంకాస్త ముడుచుకుపోతున్నాడు. మళ్లీ తట్టుకోలేడు."

ఆ ఒక్క ఇల్లు దొరికింది. ఆస్పత్రిలో నర్సుగా చేసే అమ్మాయి, వాళ్లమ్మ, ఇద్దరే. అమ్మాయి డ్యూటీకి పోతే పెద్దావిడకి గోడలే దిక్కు. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తుంది, మెల్లగా మాట్లాడుతుంది. టికెట్టుకి అలాంటి మనిషే కావాలి. వెళ్లిన నాలుగో పూటకల్లా అది మూలలోంచి లేచి వచ్చి పెద్దావిడ చెప్పు మీద గడ్డం పెట్టింది. కండక్టరు గారు అది చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు మురికయ్యాయన్నారు.

ఆ ఇంటికి ఒక్కటే లోపం. గేటు ఎదురుగా బస్టాపు.

ఇంతకు ముందు ఇచ్చిన ఇళ్లన్నీ లోపల సందుల్లో ఉన్నవి. ఈ సంగతి ఎవరి బుర్రకీ తట్టలేదు. డాక్టరమ్మకీ తట్టలేదు, జీవితమంతా బస్సులోనే గడిపిన ఈయనకీ తట్టలేదు. బస్సు ఆపడానికి ఏ కండక్టరైనా ఊదేది అదే, ఒక్క ఈల, పొడుగ్గా.

తలుపు తీసి ఉన్న మొదటిసారే టికెట్టు దూసుకుపోయింది. కండక్టరు గారే పిలిచారనుకుంది పాపం. గేటు దూకి, బస్సు ముందు చక్రాల దగ్గరికి తోకూపుకుంటూ వెళ్లింది. డ్రైవరు బ్రేకు వేయబట్టి బతికింది. రెండోసారి ఒక స్కూటరు వాడు దాన్ని తప్పించబోయి పడ్డాడు, మోచేతులు చెక్కుకుపోయాయి. ఇంటి ముందు పెద్ద రభస అయింది.

"బాబాయ్, నాకు వీడంటే ప్రాణమే" అంది నర్సు, ఆయన వెళ్లేసరికి. "కానీ పొద్దస్తమానం తలుపులు బిగించుకుని మా అమ్మ వీడికి కాపలా కాయలేదు. వీధివాళ్లు ఊరుకోరు. ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే... నా నోటితో అనిపించకండి."

కండక్టరు గారికి నెత్తిన పిడుగు పడినట్టయింది. తిన్నగా వెళ్లి బస్టాపులో నిలబడ్డారు. వచ్చిన ప్రతి బస్సు కండక్టరునీ బతిమాలారు. "ఇక్కడ ఈల వేయొద్దు తమ్ముడూ, కావాలంటే బస్సుని చేత్తో కొట్టు." తెలిసిన కుర్రాడొకడు "అలాగే సార్" అని మాట నిలబెట్టుకున్నాడు. మిగతావాళ్లు ముసలాయనకి మతి చలించిందనుకున్నారు. అనుకోరూ మరి, సర్వీసులో ఉన్నప్పుడు ఈల వేయనివాళ్లని ఉతికి ఆరేసింది ఈయనే.

డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. "ఈలకి వాడి దగ్గర అర్థం లేకుండా చెయ్యాలి బాబాయ్ గారూ. మీరే ఊదండి. వస్తాడు. ఏమీ పెట్టొద్దు, ముట్టుకోవద్దు, వాడి వైపు చూడను కూడా చూడొద్దు. మొహం తిప్పేసుకోండి. ఎన్నిసార్లు వచ్చినా అంతే. కొన్నాళ్లకి మానేస్తాడు."

"ఇంకెవరైనా చెయ్యకూడదా అమ్మా?"

"వాడు వచ్చేది మీ కోసం కదా."

ఆ పని ఆయన చేశారు. పెద్దావిడ ఇంటి ముందుగదిలో కుర్చీ వేసుకుని ఈల ఊదేవారు. టికెట్టు ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వచ్చేది. ఆయన మొహం గోడకేసి తిప్పుకునేవారు. అది మోకాలి మీద కాలు పెట్టేది, మూతితో చెయ్యి పైకెత్తి తన తల మీద పెట్టుకోబోయేది. గోడ మీది పెచ్చుల్ని చూస్తూ ఆయన పళ్లు బిగబట్టుకునేవారు. అది కుర్చీ చుట్టూ తిరిగి మొహంలోకి చూడాలని వచ్చేది. ఆయన ఇటు తిప్పుకుంటే ఇటు, అటు తిప్పుకుంటే అటు.

"ఏంటి బాబూ ఇది, ఒక్కసారి చూస్తే ఏం పోతుంది?" అని పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకునేది.

"చూస్తే మళ్లీ మొదటికొస్తుందమ్మా" అనేవారు.

మెల్లగా అది పరిగెత్తడం మానేసి నడిచి వచ్చేది. తర్వాత గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఒకరోజు ఆయన ఊదితే పడుకున్న చోటి నుంచి తలెత్తి చూసి, మళ్లీ దించేసుకుంది. బయట బస్సు ఆగింది, ఈల మోగింది. తెగని చెవి కూడా కదల్లేదు. నర్సు గంతులేసినంత పని చేసింది. "గెలిచాం బాబాయ్! వీడిక మావాడే!" అని కాఫీ పెట్టుకొచ్చింది. ఆయన గుక్క తాగి బాగుందన్నారు. నిజానికి ఆ అమ్మాయి హడావిడిలో అందులో చక్కెర వేయలేదు.

ఇంటికి వచ్చి ఈలని బీరువాలో, పాత యూనిఫాం చొక్కా జేబులో వేసేశారు. అన్నం దగ్గర కెలుకుతూ కూర్చుంటే భార్య చూసి, "పని అయిందన్నారు కదా, గెలిచి ఏడుస్తారేంటండీ?" అంది. ఆయన "హోల్డాన్" అని లేచిపోయారు.

ఉన్న పిలుపుని తీసేశారు సరే, దాని బదులు ఇంకో పిలుపు నేర్పాలి కదా. నర్సు "టికెట్" అంటుంది, పెద్దావిడ "నాన్నా" అంటుంది. దేనికీ అది ఇంకా పలకడం మొదలుపెట్టలేదు. ఇంట్లోనే ఉంటున్నాడు కదా, నిదానంగా నేర్చుకుంటాడులే అనుకున్నారు అందరూ.

గ్యాసు బండ తెచ్చినవాడు గేటు తీసిపెట్టి లోపలికి వచ్చిన పూట, సరిగ్గా ఆ గేటు ముందే లారీ టైరు పేలింది. ఆ చప్పుడుకి పెద్దావిడే కుర్చీలో ఎగిరిపడింది. టికెట్టు ఆవిడ కాళ్ల దగ్గర్నుంచి లేచి, ఎటో తెలియని పరుగు పరిగెత్తింది.

ఫోను రాగానే కండక్టరు గారు బీరువా తీసి ఈల తీసుకున్నారు. చెప్పులు మాత్రం మరిచిపోయారు. ఆయన ఆటో దిగేసరికి నర్సు రోడ్డు పక్కన నిలబడి ఏడుస్తోంది. రోడ్డు అవతల, మూసిన కొట్ల ముందు టికెట్టు ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. మధ్యలో లారీలు, బస్సులు ఎడతెరిపి లేకుండా పోతున్నాయి. నర్సు దాటబోయిన ప్రతిసారీ అది ఇంకాస్త వెనక్కి జరుగుతోందట.

"నువ్వు కదలకమ్మా" అన్నారాయన. పెదాలు తడుపుకుని ఈల ఊదారు. ఒక్కటే, పొడుగ్గా.

టికెట్టు ఇటు తిరిగింది. వణుకు ఆగింది. ఇంత ట్రాఫిక్ మధ్యలోంచి సూటిగా ఆయన్నే చూసింది, గుర్తుపట్టింది కూడా, తోక ఒకసారి కదిలింది. ఆయన చేతులు రెండూ చాచారు. తిండి లేదు, ఏమీ లేదు, వట్టి చేతులు.

అది కాసేపు అలాగే చూసి, మెల్లగా మొహం గోడకేసి తిప్పుకుంది.

ఆయన మళ్లీ ఊదారు. మళ్లీ, మళ్లీ ఊదారు. అది కొట్ల పక్క సందులోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. పరిగెత్తలేదు. వాళ్లిద్దరూ రోడ్డు దాటేసరికి సందు ఖాళీగా ఉంది. అటు చివర ఇంకో పెద్ద రోడ్డు, దాని మీద ఎటు చూసినా జనం.

డాక్టరమ్మ మనుషుల్ని పంపింది, గోడలకి ఫొటోలు అంటించారు, డిపో వెనక తుక్కు బస్సుల కింద కూడా పాకి చూశారు. లేదు. పెద్దావిడ గోనెపట్టాని మూలలోంచి తీయనివ్వడం లేదు. కండక్టరు గారు ఇప్పటికీ ఆ సందు మొదట్లోకి వెళ్లి నిలబడతారు. ఇంకేం చెయ్యాలో ఆయనకి తెలియదు. ఈల ఊదుతారు, ఊది రెండు చేతులూ చాచి నిలబడతారు. దారినపోయే బస్సులు ఆ ఈల విని ఆగుతాయి, ఎక్కడానికి ఎవరూ లేరని చూసి వెళ్లిపోతాయి.